సరొగసీ చట్టం: డబ్బు ఆగలేదు, చేతులు మారింది

ఒకవైపు 35 లక్షలు, ఇంకోవైపు 90 వేలు. 2025 జులైలో సికింద్రాబాద్‌లో బయటపడ్డ సరొగసీ కేసులో పోలీసులు చెప్పిన లెక్క ఇది.

పిల్లల్లేని రాజస్థాన్ దంపతులు ఇక్కడి ఒక ఫెర్టిలిటీ సెంటర్‌కు వచ్చారు. సరొగసీ ద్వారా మీ సొంత బిడ్డే పుడుతుందని నమ్మించి వాళ్ల దగ్గర సుమారు 35 లక్షలు తీసుకున్నారు. చివరికి ఒక పసికందును చేతిలో పెట్టారు. అనుమానం వచ్చి డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే ఆ బిడ్డకు, వీళ్లకు ఏ సంబంధమూ లేదని తేలింది. హైదరాబాద్‌లో బతుకుతున్న ఒక పేద అస్సాం కుటుంబం నుంచి ఆ బిడ్డను 90 వేలకు తీసుకున్నారని పోలీసులు చెప్పారు. అరెస్టయినవాళ్లలో బిడ్డను కన్న తల్లిదండ్రులూ ఉన్నారు. ఎవరి నేరం ఎంతో తేల్చాల్సింది కోర్టు.

గమనించాల్సిన సంగతి ఏమిటంటే, పోలీసుల కథనం నిజమైతే అక్కడ సరొగసీ అనేదే జరగలేదు. సరొగసీ పేరు చెప్పి పిల్లల్ని అమ్మారు. డబ్బు తీసుకుని చేసే సరొగసీని మన దేశం నిషేధించి అప్పటికి మూడున్నరేళ్లు అయింది. నిషేధం ఉన్నచోట ఇంత పెద్ద వ్యాపారం ఎలా నడిచింది? ఇది మనకు సంబంధం లేని గొడవ అనుకోవడానికి లేదు. సంతానం కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగే జంటలు మన ఇళ్లలోనూ ఉన్నాయి. గర్భం అద్దెకిచ్చే మహిళ కోసం ఏజెంట్లు వెతికేది పేదల ఇళ్లలోనే. అలాంటి ఇళ్లు మన బస్తీల్లో తక్కువేం లేవు.

చట్టం ఎందుకు వచ్చింది

2000 తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఇండియా సరొగసీకి ప్రపంచమంతా తెలిసిన అడ్డా. గుజరాత్‌లోని ఆనంద్ పట్టణం పాల డెయిరీకి ఎంత పేరుపొందిందో అద్దె గర్భాలకూ అంత పేరుపొందింది. విదేశీ దంపతులు వచ్చేవాళ్లు. వాళ్ల దేశంలో అయ్యే ఖర్చులో కొంత భాగంతోనే ఇక్కడ పని అయిపోయేది. 2005లో ఐసీఎంఆర్ కొన్ని మార్గదర్శకాలు ఇచ్చింది కానీ, వాటికి చట్టబలం లేదు.

2008లో ఆనంద్‌లో ఒక ఆడబిడ్డ పుట్టింది. ఆమె కోసం ఒప్పందం చేసుకున్న జపాన్ దంపతులు పుట్టకముందే విడిపోయారు. అండం ఎవరో దాతది, మోసింది ఇంకొక మహిళ, కావాలనుకున్నది మూడో మహిళ. ఆ ముగ్గురిలో బిడ్డను నా కూతురు అని తీసుకెళ్లేవాళ్లు ఒక్కరూ లేరు. జపాన్ నుంచి నాయనమ్మ వచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒప్పందంలో బిడ్డ గురించి ఎవరూ ఆలోచించలేదని ఆ కేసుతో దేశానికి తెలిసింది. 2009లో లా కమిషన్ తన 228వ నివేదికలో కమర్షియల్ సరొగసీని నిషేధించాలని చెప్పింది. 2015లో విదేశీయులకు తలుపులు మూశారు.

హైదరాబాద్ కూడా ఈ కథకు దూరంగా లేదు. 2017లో బంజారాహిల్స్‌లోని ఒక సెంటర్‌లో అధికారులు సోదా చేస్తే నలభై మందికి పైగా గర్భిణులు అక్కడే ఉంటున్నట్టు బయటపడింది. సొంత పిల్లల్ని, ఇంటిని వదిలి ఎవరికోసమో గర్భం మోస్తున్న మహిళలు వాళ్లు. అప్పటికి దేశంలో సరొగసీకి ప్రత్యేక చట్టం లేదు.

ఇప్పుడు చట్టం ఏమంటోంది

సరొగసీ నియంత్రణ చట్టం 2021 డిసెంబర్‌లో ఆమోదం పొంది 2022 జనవరి 25న అమల్లోకి వచ్చింది. సరొగసీకి డబ్బు, బహుమతి, ఏ రూపంలో ప్రతిఫలమైనా ఇవ్వకూడదన్నది దీని ప్రాణం. వైద్య ఖర్చులు, నిబంధనల్లో చెప్పిన ఇతర ఖర్చులు, ఇన్సూరెన్స్ మాత్రమే ఇవ్వచ్చు.

బిడ్డ కావాలనుకునే జంటకు పెళ్లయి ఉండాలి. భార్య వయసు 23 నుంచి 50 మధ్య, భర్త వయసు 26 నుంచి 55 మధ్య ఉండాలి. అప్పటికే పిల్లలు ఉండకూడదు. ఉన్న బిడ్డకు వైకల్యమో, ప్రాణాంతక జబ్బో ఉంటే మినహాయింపు ఉంది. భర్త చనిపోయిన లేదా విడాకులైన మహిళ 35 నుంచి 45 ఏళ్ల మధ్య అయితే దరఖాస్తు పెట్టుకోవచ్చు. పెళ్లి కాని మహిళకు అవకాశం లేదు. 2022 జనవరి 25కు ముందే పిండాలు భద్రపరుచుకుని ప్రక్రియ మొదలుపెట్టిన దంపతులకు ఈ వయసు పరిమితి వర్తించదని సుప్రీంకోర్టు 2025 అక్టోబర్‌లో తీర్పు ఇచ్చింది.

గర్భం మోసే మహిళ వయసు 25 నుంచి 35 మధ్య ఉండాలి. పెళ్లయి, సొంత బిడ్డ ఒకరైనా ఉండాలి. జీవితంలో ఒక్కసారే సరొగేట్‌గా ఉండాలి. తన అండం ఇవ్వకూడదు. ఆమెకు 36 నెలల ఇన్సూరెన్స్ తప్పనిసరి. దగ్గరి బంధువే అయి ఉండాలన్న షరతు మొదట బిల్లులో ఉండేది. రాజ్యసభ సెలెక్ట్ కమిటీ చెప్పాక దాన్ని తీసేశారు. ఇష్టపడి ముందుకొచ్చిన మహిళ ఎవరైనా కావచ్చు.

నిషేధాన్ని దాటి వ్యాపారం చేస్తే పదేళ్ల వరకు జైలు, 10 లక్షల వరకు జరిమానా. డబ్బిచ్చి బిడ్డను కనిపించుకోవాలని చూసిన దంపతులకూ మొదటిసారి ఐదేళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా ఉంది. ఈ రెండో మాట చాలామందికి తెలీదు. "మేము డబ్బు కట్టినవాళ్లం, మోసపోయింది మేము" అని చెప్పుకోవడానికి పోలీస్ స్టేషన్‌కు వెళ్లే మనిషి, తన మీదే కేసు రావచ్చని ముందే ఆలోచించాలి.

లెక్క ఎక్కడ తప్పింది

కాగితం మీద చట్టం గట్టిగానే ఉంది. కామర్స్ చదివిన నాకు మాత్రం ఇందులో ఒక పద్దు సరిపోదు. డాక్టర్ ఫీజు తీసుకోవచ్చు. ల్యాబ్ బిల్లు వేయచ్చు. లాయర్‌కు ఫీజు, ఇన్సూరెన్స్ కంపెనీకి ప్రీమియం, ఆస్పత్రికి గది అద్దె ముడతాయి. తొమ్మిది నెలలు మోసి, ఆపరేషన్ చేయించుకుని, బిడ్డను ఇచ్చేసి ఖాళీ చేతులతో ఇంటికెళ్లే మహిళ ఒక్కతే ఇదంతా సేవగా చేయాలి.

ఆ మహిళ ఎవరు? బీడీలు చుట్టే ఆమె, ఇళ్లలో పని చేసే ఆమె, మగ్గం వర్క్ చేసే ఆమె అనుకుందాం. గర్భంతో ఉన్నన్నాళ్లు, కాన్పు తర్వాత కోలుకునేదాకా ఆమె కూలి పోతుంది. సొంత పిల్లల్ని చూసుకోవడానికి మనిషి కావాలి. ఈ ఖర్చులు లెక్కలోకి రావాలని 2017లోనే పార్లమెంటు ఆరోగ్య స్థాయీ సంఘం చెప్పింది. పూర్తిగా ఉచితం అనడం న్యాయం కాదనీ, పోయిన కూలి, మానసిక కౌన్సెలింగ్, ఆమె పిల్లల సంరక్షణ, పౌష్టికాహారం, కాన్పు తర్వాతి వైద్యం అన్నీ కలిపి పరిహారం నిర్ణయించాలనీ సూచించింది. ప్రభుత్వం ఆ దారి పట్టలేదు.

ఫలితం ఏమైంది? పిల్లలు కావాలనుకునేవాళ్లు తగ్గలేదు. అన్ని షరతులకూ సరిపోయి, ఉచితంగా మోస్తానని వచ్చే మహిళ దొరకడం చాలా కష్టం. ఈ రెండింటి మధ్య ఖాళీలో దళారీ కూర్చున్నాడు. చట్టం లోపల దొరకని మనిషిని చట్టం బయట చూపిస్తానంటాడు, రిస్క్ పేరుతో రేటు పెంచుతాడు. ఆ మహిళకు ఎంత ముట్టిందో అడిగేవాడు లేడు. అసలే చాటుగా జరిగిన పని కాబట్టి, ఒప్పుకున్న డబ్బు ఇవ్వకపోయినా ఆమె ఎక్కడా ఫిర్యాదు చేయలేదు. నిజానికి, మహిళ ఒత్తిడి వల్లే ఒప్పుకుందని కోర్టు ముందుగా భావించాలని ఈ చట్టమే చెబుతోంది. అంటే ఆమెను బాధితురాలిగానే చూడాలి. కానీ ఆ సంగతి ఆమెకు చెప్పేవాళ్లు ఎవరు?

2024 నవంబర్‌లో రాయదుర్గంలో ఒక అపార్ట్‌మెంట్ తొమ్మిదో అంతస్తు నుంచి దిగి తప్పించుకోబోయి ఒడిశాకు చెందిన ఒక యువతి చనిపోయింది. సరొగసీ కోసం 10 లక్షల ఆశ చూపి ఆమె కుటుంబాన్ని హైదరాబాద్‌కు తెచ్చారని పోలీసులు చెప్పారు. ఆమె భర్త, చిన్న కొడుకు కూడా ఇదే నగరంలో ఉన్నారు. చట్టం వచ్చి అప్పటికి దాదాపు మూడేళ్లు.

అయితే డబ్బును అనుమతించాలా?

"ఆమె శరీరం, ఆమె ఇష్టం, ఆమె రేటు" అనేవాళ్లు ఉన్నారు. ఆ మాటలో కొంత బలం ఉంది, కానీ ఆనంద్ అనుభవం మన ముందుంది. అక్కడ డబ్బు బహిరంగంగానే నడిచింది. అయినా గర్భం మోసినవాళ్లంతా పేదవాళ్లే. పేద ఇంటి బిడ్డను ధనవంతుల కోడలు మోసిన సంఘటన ఎక్కడైనా విన్నామా? అప్పు తీర్చడానికో, ఇల్లు కట్టడానికో ఒప్పుకున్న మనిషిది పూర్తి ఇష్టం అని ఎలా అంటాం? ఆ ఇష్టం వెనక భర్త ఒత్తిడి ఎంత, అప్పులవాడి ఒత్తిడి ఎంత అన్నది ఒప్పంద పత్రంలో కనపడదు. ఇటలీ అయితే 2024లో తన పౌరులు వేరే దేశానికి వెళ్లి సరొగసీ చేయించుకున్నా నేరమే అని చట్టం చేసింది.

కాబట్టి పాత మార్కెట్ మళ్లీ తెరవాలని ఈ వ్యాసం చెప్పడం లేదు. గర్భానికి ధర పెట్టడం వేరు, మోసిన మనిషి నష్టపోకుండా చూడటం వేరు. బ్రిటన్‌లో సరొగసీ వ్యాపారం నిషిద్ధమే, కానీ సహేతుకమైన ఖర్చులు ఇవ్వడానికి అనుమతి ఉంది. మన దగ్గర కూడా పోయిన కూలి, పిల్లల సంరక్షణ ఖర్చు ఎంతో ప్రభుత్వమే నిర్ణయించి, క్లినిక్ చేతి మీదుగా కాకుండా నేరుగా ఆమె బ్యాంకు ఖాతాలో పడేలా చేయచ్చు. అప్పుడు దళారీకి చెప్పుకోవడానికి మాట తక్కువ అవుతుంది.

షరియత్ దృష్టిలో

మన పాఠకులు మొదట అడిగే ప్రశ్న ఇదే: ఇది జాయిజేనా? సున్నీ ఉలమా వైఖరి ఈ విషయంలో చాలా స్పష్టం. నికాహ్‌లో ఉన్న భార్యాభర్తల వీర్యం, అండం కలిపి, అదే భార్య గర్భంలో పెట్టే ఐవీఎఫ్‌ను అనుమతించారు. మూడో మనిషి వీర్యం, అండం, గర్భం ఏది వచ్చినా కుదరదన్నారు. 1980లో అల్ అజ్హర్ నుంచి వచ్చిన ఫత్వాలో ఈ గీత ఉంది. 1986లో అమ్మాన్‌లో జరిగిన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్‌హ్ అకాడమీ సమావేశం సరొగసీని నిషిద్ధ పద్ధతుల్లో చేర్చింది.

ఇందులో తెలుసుకోదగ్గ ఒక సంగతి ఉంది. ఒకే భర్తకు ఇద్దరు భార్యలుంటే, ఒకరి అండంతో ఇంకొకరు గర్భం మోయచ్చని మక్కాలోని ఫిఖ్‌హ్ కౌన్సిల్ 1984లో మొదట అనుమతించింది. మరుసటి ఏడాదే ఆ అనుమతిని వెనక్కి తీసుకుంది. కారణం నసబ్, అంటే వంశ సంబంధం. తల్లి ఎవరన్న ప్రశ్నకు సందేహం లేని జవాబు ఉండాలి. సూరా ముజాదలా రెండో ఆయత్‌లో తల్లిదనాన్ని ప్రసవంతో ముడిపెట్టిన విషయాన్ని ఉలమా ఇక్కడ ఆధారంగా చూపిస్తారు. తల్లి ఎవరో తేలకపోతే మహ్రమ్ ఎవరు, ఎవరితో నికాహ్ కుదరదు, వారసత్వం ఎవరిది అన్నవన్నీ చిక్కుపడతాయి.

షియా ఫిఖ్‌హ్‌లో పరిస్థితి వేరు. ఇరాన్‌లో కొందరు పెద్ద ఆలింలు షరతులతో సరొగసీని ఒప్పుకున్నారు, అక్కడ అది నడుస్తోంది కూడా. కాబట్టి ఎవరి మస్లక్ ప్రకారం వాళ్లు తమ ఆలింలనే అడగాలి. యూట్యూబ్‌లో విన్న సగం మాట మీద నిర్ణయం తీసుకునే విషయం కాదిది.

బిడ్డ తప్పేం లేదు

ఇక్కడ దేశ చట్టం, షరియత్ రెండూ ఒకే మాట చెప్పడం లేదు. సరొగసీతో పుట్టిన బిడ్డ ఆ దంపతుల సొంత బిడ్డే అని, సొంత బిడ్డకున్న హక్కులన్నీ ఉంటాయని 2021 చట్టం అంటోంది. మరోవైపు మన వారసత్వం 1937 షరియత్ చట్టం కింద నడుస్తుంది, అక్కడ నసబే పునాది. రేపు ఆస్తి పంపకం రోజున ఎవరైనా చిన్నాన్న కొడుకు లేచి "వీడు నీ కడుపున పుట్టలేదు" అంటే కోర్టుకు పోవాల్సి వస్తుంది. ఇప్పటికే ఇలాంటి బిడ్డ ఉన్న కుటుంబాలు బతికుండగానే హిబా ద్వారా ఆస్తి రాసిచ్చి స్వాధీనం చేయడం, లేదా మూడో వంతు వరకు వసియత్ చేయడం గురించి ముఫ్తీ సాహెబ్‌తోనూ వకీలుతోనూ మాట్లాడుకోవడం మంచిది.

ఇంకొక మాట. పద్ధతి హరామ్ అని ఎవరైనా నమ్మవచ్చు, చెప్పవచ్చు. కానీ పుట్టిన పిల్లవాడికి అందులో ఏ భాగమూ లేదు. దావత్‌లో, మదర్సాలో, బంధువుల మధ్య ఆ బిడ్డ వైపు వేలు చూపించే హక్కు మనకెవరూ ఇవ్వలేదు.

సంతానం లేని ఇంట్లో మొదట మాట్లాడాల్సింది

ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమి సమస్య ఎదుర్కొంటున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఇది మగవాళ్లలోనూ ఉంటుంది. మన ఇళ్లలో మాత్రం పెళ్లయి రెండేళ్లు దాటితే కోడలినే దర్గాకు, హకీమ్ దగ్గరికి, స్కానింగ్‌కు తిప్పుతారు. కొడుకు పరీక్ష చేయించుకోవాలన్న మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. "రెండో నికాహ్ చేద్దాం" అన్న మాట మాత్రం త్వరగా వస్తుంది. తేలిగ్గా, చౌకగా అయిపోయే మగవాళ్ల పరీక్ష ముందే చేయిస్తే ఎన్నో లక్షలు, ఎంతో కన్నీళ్లు మిగులుతాయి. ఈ సిగ్గు, ఈ ఒత్తిడి ఉన్నంతకాలం "గ్యారంటీగా బిడ్డను ఇస్తాం" అనేవాడికి గిరాకీ ఉంటుంది.

అనాథ బిడ్డను పెంచుకునే కఫాలత్ దారి మన దీన్‌లో ఎంతో పుణ్యమైనది. బిడ్డ అసలు తండ్రి పేరు దాచకుండా, కన్నబిడ్డలా పెంచచ్చు. చట్టపరంగా పూర్తి దత్తత కావాలనుకుంటే, జువెనైల్ జస్టిస్ చట్టం కింద ఏ మతంవాళ్లైనా తీసుకోవచ్చని 2014లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అది తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. ఏ దారి పట్టినా బిడ్డను ప్రభుత్వం గుర్తించిన వ్యవస్థ ద్వారానే తీసుకోవాలి. నర్సు చేతి మీదుగా, తెలిసినవాళ్ల ద్వారా తెచ్చుకునే బిడ్డ రేపు పోలీసు కేసు అవుతుంది.

మోసపోకుండా ఉండాలంటే

సరొగసీ గురించి ఎవరైనా మీతో మాట్లాడితే ఈ విషయాలు గుర్తుంచుకోండి.

"ప్యాకేజీ" అన్న మాట వినపడితే అక్కడే ఆగండి. మహిళను కూడా మేమే చూస్తాం, ఇంత కట్టండి అంటే అది చట్టవిరుద్ధమే.

క్లినిక్‌కు సరొగసీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందా, గడువు ఉందా అని కాగితం అడిగి చూడండి. సికింద్రాబాద్ సెంటర్ లైసెన్స్ గడువు ఎప్పుడో ముగిసిందని అధికారులు చెప్పారు. అయినా బోర్డు మాత్రం వేలాడుతూనే ఉంది.

చట్టప్రకారం జరిగితే మూడు కాగితాలు తప్పక ఉంటాయి. జిల్లా మెడికల్ బోర్డు ఇచ్చే వైద్య అవసర ధ్రువపత్రం, అర్హత సర్టిఫికెట్, బిడ్డ ఎవరిదో చెప్పే మెజిస్ట్రేట్ కోర్టు ఉత్తర్వు. ఆ ఉత్తర్వు కోసం దంపతులు, మోసే మహిళ కలిసి దరఖాస్తు చేయాలి. అంటే ఆమె ఎవరో మీకు తెలియకుండా, మీరు కోర్టు గడప ఎక్కకుండా సక్రమంగా సరొగసీ జరగడం సాధ్యం కాదు. "ఆమెను చూడకూడదు, రూల్స్ ఒప్పుకోవు" అని ఎవరైనా అంటే అబద్ధం.

మన ఆడవాళ్లకు మరీ ముఖ్యంగా చెప్పాల్సింది: అండాల దానం పేరుతోనూ ఏజెంట్లు తిరుగుతుంటారు. చట్టం ప్రకారం 23 నుంచి 35 ఏళ్ల మహిళ జీవితంలో ఒక్కసారే, ఏడు అండాలకు మించకుండా ఇవ్వాలి. పదేపదే ఇంజెక్షన్లు తీసుకుని ఇస్తే ఆరోగ్యం దెబ్బతింటుంది. డబ్బు అవసరం ఉన్న ఇంటి ఆడపడుచుకు ఈ మాట ఏజెంటు కంటే ముందు మనం చెప్పాలి.

ప్రభుత్వం ముందున్న పని

మోసం బయటపడ్డాక దాడులు చేయడం, ప్రెస్ మీట్ పెట్టడం చూశాం. దానికి ముందు చేయాల్సినవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు రిజిస్టరైన క్లినిక్‌ల జాబితాను తెలుగులో, ఉర్దూలో అందరికీ కనపడేలా పెట్టాలి. గడువు ముగిసిన రోజే తలుపు మూయించాలి. బస్తీ దవాఖానాల్లో, ఆశా వర్కర్ల ద్వారా ఈ చట్టం మహిళలకు ఏ రక్షణ ఇస్తోందో చెప్పించాలి. మోసపోయిన మహిళ నిర్భయంగా ఫిర్యాదు చేసే దారి ఉండాలి.

షరియత్ కోణంలో చూసినా, రాజ్యాంగ కోణంలో చూసినా ఒక విషయంలో తేడా లేదు: మనిషి సరుకు కాదు. బిడ్డా కాదు, మోసిన తల్లీ కాదు. నిషేధం రాయడంతో ఆ మాట నిలబడదని ఈ మూడేళ్లు చూపించాయి. 35 లక్షలకు, 90 వేలకు మధ్య మిగిలినదంతా ఎవరి జేబులోకి వెళ్లిందో ఆ చేతిని పట్టుకున్నప్పుడే చట్టం పని చేసినట్టు.